కారు మన పెనుకొండది... గేరు మొరాయిస్తే తప్పెవరిది?

పెనుకొండ: వేరుశనగ తప్ప మరొకటి నిలవదని పేరుబడిన ఎర్ర నేలల నడుమ, హైదరాబాదు – బెంగుళూరు జాతీయ రహదారి పక్కన, పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కొరియా వారి కియా కార్ల ఫ్యాక్టరీ వుంది. దాని విస్తీర్ణం 536 ఎకరాలు. ఏడాదికి 3 లక్షల కార్లు తయారు చేసే శక్తితో దాన్ని కట్టారు. 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదరగా, 2019 ఆగస్టు 22న సెల్టోస్ అనే చిన్న తరహా ఎస్‌యువి ఇక్కడి నుంచే మార్కెట్లోకి వచ్చింది. హంద్రీ – నీవా కాలువ ద్వారా గొల్లపల్లి రిజర్వాయరుకు చేరిన కృష్ణా నీరే ఫ్యాక్టరీకి ఆధారం. 2023 జూలై నాటికి ఇక్కడ తయారైన కార్ల సంఖ్య 10 లక్షలకు చేరింది.

2022 ఏప్రిల్ 4న జిల్లాను విడదీశాక ఫ్యాక్టరీ శ్రీ సత్యసాయి జిల్లా కిందికి పోయింది. అయినా అనంతపురం వారికి అది యిప్పటికీ "మన కారు"నే. గుత్తి నుంచి మడకశిర దాకా ఆ అభిమానంతోనే కొన్నవారు వున్నారు. బండి నడిచినంత కాలం ఆ అభిమానానికి లోటేమీ లేదు. గేరు దగ్గర బండి వణికినప్పుడు, ఎక్కుడులో ముందుకు కదలనప్పుడు, మీటరు మీద ఎర్రక్షరాలు వెలిగినప్పుడు మాత్రం యజమానికి దిక్కు తోచదు. తప్పు తన కాలిదా, తన చేతిదా, బండిదా? ఎవరిని అడగాలి? ఫ్యాక్టరీ కళ్లెదుటే వున్నా దాని గేటు దగ్గర యీ ప్రశ్నకు జవాబు దొరకదు.

కరువు సీమలో కార్ల కథా?

వాన చినుకు కోసం ఆకాశం వైపు చూసే చోట కార్ల గేర్ల గురించి రాయడమేమిటని ఎవరైనా అనవచ్చు. కాని యీ ప్రాంతంలో కారు కేవలం షోకు వస్తువు కాదు. పెద్ద జబ్బు చేస్తే బెంగుళూరు పోవాలి. విమానం ఎక్కాలన్నా దేవనహళ్లి దగ్గరి బెంగుళూరు విమానాశ్రయమే దగ్గర. పిల్లల ఉద్యోగాలు అక్కడే. పెళ్లి సంబంధాలు సగం అక్కడే. సెల్టోస్ వచ్చిన రోజున దాని ధర రకాన్ని బట్టి 9.69 లక్షల నుంచి 15.99 లక్షల రూపాయల దాకా వుండింది. రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు అదనం. చీటీ ఎత్తి కొంత, బ్యాంకు అప్పు కొంత, రోడ్డు పక్కన సెంటు భూమి అమ్మి కొంత కలిపితే వచ్చే బండి యిది. దాని గేరుబాక్సు పోతే యింటి లెక్కంతా తలకిందులవుతుంది.

ఆ రోజుల్లో కంపెనీ యిచ్చిన వారంటీ మూడేళ్లు. అంటే 2019లో కొన్న తొలి బండ్లకు 2022తోనే అది తీరిపోయింది. అదనంగా డబ్బు కట్టి అయిదేళ్లకు పెంచుకున్న వారికి 2024తో అయిపోయింది. ఆ బండ్లు యిప్పుడు చేతులు మారుతున్నాయి. గేరు కష్టాలు బయటపడేది సాధారణంగా యీ వయసులోనే.

ఒకే కారు, అయిదు రకాల గేర్లు

పాత జీపులకు, అంబాసిడర్లకు గేరుబాక్సు అంటే ఒకటే. క్లచ్ తొక్కాలి, రాడ్డు వెయ్యాలి. ఇప్పుడు ఒకే పేరు గల కారులో అయిదు రకాలు వచ్చాయి. తన కారులో ఏ రకం వున్నదో తెలియని యజమానులే ఎక్కువ. "ఆటోమేటిక్" అని మాత్రం చెబుతారు. అక్కడే చిక్కంతా మొదలవుతుంది, ఎందుకంటే ఒక్కో రకానికి ఒక్కో రోగం, ఒక్కో పథ్యం.

మొదటిది మామూలు ఆరు గేర్ల పెట్టె. దీని గురించి చెప్పవలసింది తక్కువ. క్లచ్ ప్లేటు అరిగితే ఏ ఊళ్లోనైనా మార్చేవారున్నారు.

రెండవది ఐఎంటి. 2020లో సోనెట్ కారుతోనూ, ఆ మరుసటి ఏడు సెల్టోస్‌లోనూ వచ్చింది. దీనికి క్లచ్ పెడలు వుండదు కాని గేరు రాడ్డు వుంటుంది. రాడ్డు మీద చెయ్యి పడి కదిలించగానే లోపలి మీట గ్రహించి క్లచ్‌ను తానే నొక్కుతుంది. లారీ డ్రైవర్ల లాగా రాడ్డు మీద చెయ్యి ఆనించి నడిపే అలవాటున్న వారు ఆ అలవాటు మానుకోవాలి. క్లచ్ ప్లేటు మాత్రం మామూలు ప్లేటే. పెడలు లేదు కనుక ప్లేటు అరగదనుకోవడం పొరపాటు.

మూడవది డీజిలు బండ్లలో వచ్చిన ఆరు గేర్ల ఆటోమేటిక్. ఇందులో ఇంజనుకు, గేర్లకు మధ్య లంకె నూనె. ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు పెట్టి ఒకటి వేస్తే దాని గాలికి రెండోది తిరిగినట్లు, యిక్కడ నూనె వేగానికి అవతలి చక్రం తిరుగుతుంది. రాసుకునే ప్లేటు కాదు కనుక ట్రాఫిక్‌లో ఓర్పు ఎక్కువ. కొంచెం మందకొడి అని అనేవారున్నా, ఘాటు రోడ్డుకు యిదే మేలని అనుభవమున్న డ్రైవర్లు అంటారు.

నాలుగవది 1.5 లీటరు పెట్రోలు బండ్లలోని ఐవిటి. దీనిలో గేర్ల పళ్లు వుండవు. రెండు కప్పీలు, వాటి మధ్య ఒక లోహపు గొలుసు. పిండిమర బెల్టును చిన్న చక్రం మీంచి పెద్ద చక్రం మీదికి మార్చితే వేగం మారినట్లు, యిక్కడ కప్పీయే సన్నబడుతూ, వెడల్పవుతూ వేగాన్ని మారుస్తుంది. కప్పీలు గొలుసును జారకుండా పట్టి వుంచేది నూనె వత్తిడి. యాక్సిలరేటరు గట్టిగా తొక్కితే ముందు ఇంజను అరుస్తుంది, బండి వేగం తర్వాత అందుకుంటుంది. కొత్తవారు దీనిని చూసి క్లచ్ జారుతున్నదని బెదిరిపోతారు. అది దాని స్వభావమే. అయితే అరుపు ఒక చోట, బండి మరొక చోట నిలిచిపోతే మాత్రం స్వభావమని సరిపెట్టుకోరాదు.

అయిదవది టర్బో పెట్రోలు బండ్లలో వచ్చిన ఏడు గేర్ల డిసిటి. అన్నిటికన్నా చురుకైనది యిదే, అన్నిటికన్నా సుకుమారమైనదీ యిదే. ఇందులో క్లచ్‌లు రెండు. 1, 3, 5, 7 గేర్లకు ఒకటి. 2, 4, 6 గేర్లకు మరొకటి. ఒక గేరులో బండి పోతుండగానే తర్వాతి గేరు సిద్ధమై వుంటుంది. కనుక గేరు మారిన సంగతే తెలియదు. అయితే యీ క్లచ్‌లు నూనెలో మునిగి వుండవు. పొడి క్లచ్‌లు. వేడెక్కితే చల్లార్చుకొనేందుకు గాలి తప్ప మరొక ఆధారం లేదు.

హెబ్బాళలో వేడి, తిరుమలలో వణుకు

అనంతపురం నుంచి బెంగుళూరు రెండు వందల కిలోమీటర్లకు పైగా. దారి పొడుగునా నాలుగు వరుసల రోడ్డు. ఏ గేరుబాక్సుకూ కష్టం లేదు. చిక్కు వచ్చేది ఊరు చేరిన తర్వాత, హెబ్బాళ వంతెన దగ్గర. అక్కడ బండి అడుగు కదిలి ఆగుతుంది, మళ్లీ అడుగు కదులుతుంది. పెడలున్న బండిలో డ్రైవరు ఎడమ కాలు నొప్పి పుట్టి, న్యూట్రల్ చేసి కాసేపు ఆగుతాడు. పెడలు లేని డిసిటిలో ఆ నొప్పి డ్రైవరుకు తెలియదు. నొప్పంతా క్లచ్‌దే. అడుగడుగుకూ అది సగం పట్టి సగం వదులుతూ వుంటుంది. మన మెకానిక్కులు "హాఫ్ క్లచ్" అని తిట్టే పని అదే. ఎండాకాలం నలభై డిగ్రీలలో యిదే పని అరగంట సాగితే ఏమవుతుందో చెప్పనక్కర లేదు.

పొడి క్లచ్ డిసిటి వున్న కార్ల యజమానులు – ఏ కంపెనీ కారైనా సరే – చెప్పే ఫిర్యాదులు దాదాపు ఒకే తీరుగా వుంటాయి. మొదటి గేరు నుంచి రెండో గేరుకు పోయేటప్పుడు వణుకు. రివర్సులో ఎక్కుడు ఎక్కాలంటే కుదుపు. కమురు వాసన. మీటరు మీద గేరుబాక్సు వేడెక్కిందని హెచ్చరిక. అప్పటికీ ఆపకపోతే క్లచ్ మాడిపోకుండా కాపాడుకొనేందుకు బండి తానే లాగడం మానేస్తుంది.

తిరుమల ఘాటు రోడ్డులో బస్సు వెనుక చిక్కుకున్నప్పుడు మరొక తప్పు జరుగుతుంది. ఎక్కుడులో బండి వెనక్కు జారకుండా చాలామంది బ్రేకు తొక్కరు. యాక్సిలరేటరును కొద్దిగా తొక్కి బండిని అక్కడే నిలుపుతారు. పొడి క్లచ్‌కు యింతకు మించిన శిక్ష లేదు. ఎక్కుడులో ఆగినప్పుడు బ్రేకు మీదే ఆగాలి. ట్రాఫిక్‌లో ముందు బండికి కొంత ఎడం యిచ్చి, ఆ ఎడం పెరిగాక ఒక్కసారిగా కదలాలి. వేడి హెచ్చరిక వెలిగితే పక్కకు తీసి, గేరును 'పి'లో పెట్టి, ఇంజను ఆపకుండా చల్లారనివ్వాలి. ఇంజను ఆపి బానెట్ ఎత్తి నీళ్లు చల్లడం పాత లారీల వైద్యం, దీనికి పనికిరాదు. ఇవన్నీ కారుతో యిచ్చే పుస్తకంలో వున్న సంగతులే. ఆ పుస్తకం యింగ్లీషులో, ప్లాస్టిక్ కవరులో, సీటు ముందు అరలో భద్రంగా వుంటుంది.

నూనె పంపు పిలుపు

అన్నీ డ్రైవరు తప్పులే కావనడానికి సాక్ష్యం ఎర్రమంచిలో తయారైన బండ్లలోనే వుంది. 2024 ఫిబ్రవరిలో కియా కంపెనీ 4,358 సెల్టోస్ కార్లను వెనక్కు పిలిచింది. 2023 ఫిబ్రవరి 28 నుంచి జూలై 13 వరకు తయారైన 1.5 లీటరు పెట్రోలు, ఐవిటి బండ్లు అవి. ఎలక్ట్రానిక్ నూనె పంపును నడిపే కంట్రోలరులో లోపం వుండవచ్చునని, దానిని ఉచితంగా మారుస్తామని ప్రకటించింది. అదే నెలలో, చెన్నై దగ్గర కార్లు తయారు చేసే హ్యుందాయ్ కంపెనీ కూడా యిదే కారణంతో 7,698 క్రెటా, వెర్నా బండ్లను పిలిచింది. రెండూ ఒకే కొరియా కుటుంబపు కంపెనీలు కావడం, గేరుబాక్సు ఒకే తరహాది కావడం యిందుకు కారణం.

నూనె పంపు పని ఏమిటో పైన చెప్పిన పిండిమర పోలికతో తెలుసుకోవచ్చు. బెల్టు బిగువు తగ్గితే మర తిరుగుతుంది కాని పిండి రాదు. ఇక్కడ నూనె వత్తిడి తగ్గితే కప్పీలకు పట్టు పోతుంది. సిగ్నలు దగ్గర ఇంజను తానుగా ఆగి మళ్లీ కదిలే బండ్లలో, ఇంజను ఆగిన క్షణాలలో వత్తిడి నిలబెట్టే పని ఎలక్ట్రిక్ పంపుదే. లారీల మధ్య నుంచి రోడ్డు దాటబోయి, ఆ సమయంలో బండి కదలకపోతే అది ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కర లేదు.

ఇలాంటి పిలుపు వచ్చినప్పుడు పల్లెల్లో ఒక చిక్కుంది. కంపెనీ కబురు వెళ్లేది తన పుస్తకాలలో వున్న చిరునామాకు, ఫోను నంబరుకు. సెకండ్‌హ్యాండులో కొన్నవారిలో చాలామంది ఆర్‌సి పేరు మార్చుకోవడంలోనే నెలలు గడుపుతారు. చిరునామా మార్చమని కంపెనీకి చెప్పాలన్న ఆలోచన రానే రాదు. కబురు బెంగుళూరులోని పాత యజమానికి పోతుంది. ఆయన చూసి ఊరుకుంటాడు. బండి కదిరిలోనో కళ్యాణదుర్గంలోనో పాత కంట్రోలరుతోనే తిరుగుతూ వుంటుంది. 2023 మొదటి సగంలో తయారైన ఐవిటి బండి కొన్నవారు ఛాసిస్ నంబరు తీసుకుపోయి కంపెనీ వర్క్‌షాపులో చూపిస్తే, ఆ పని జరిగిందో లేదో అక్కడి కంప్యూటరులో తెలిసిపోతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

"మీరు నడపడం తెలియక" అన్నారు

గేరు వణుకుతున్నదని పోతే తరచుగా వినవచ్చే మాట "అది మీ డ్రైవింగు వల్ల". ఇది మన దగ్గరి మాటే కాదు. ఫోర్డు కంపెనీ ఫియస్టా, ఫోకస్, ఎకోస్పోర్ట్ కార్లలో పవర్‌షిఫ్ట్ పేరుతో డబుల్ క్లచ్ గేరుబాక్సు పెట్టింది. ఆస్ట్రేలియాలో యజమానులు వణుకుతున్నదని ఫిర్యాదు చేస్తే, కొందరికి అది వారు నడిపే తీరు వల్లనేనని చెప్పి పంపారు. బండిలోనే లోపమున్న సంగతి కంపెనీకి తెలిసి కూడా అలా చెప్పారని అక్కడి వినియోగదారుల సంస్థ కోర్టుకెక్కింది. 2018 ఏప్రిల్‌లో ఫెడరల్ కోర్టు ఆ కంపెనీకి కోటి ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. చైనాలో 2013 మార్చిలో ప్రభుత్వ టెలివిజన్ ఫోక్స్‌వాగన్ కార్ల డిఎస్‌జి గేరుబాక్సు లోపాలను చూపించాక, ఆ కంపెనీ 3,84,181 బండ్లను వెనక్కు పిలవవలసి వచ్చింది.

ఆ కేసులు వేరే కంపెనీలవి, వేరే గేరుబాక్సులవి. వాటిని చూపి పెనుకొండ కారులోనూ అదే లోపం వుందనడం అన్యాయం. లక్షల బండ్లు ఏ పేచీ లేకుండా తిరుగుతున్నాయి. కాని వణుకుడు గురించి మాట్లాడిన యజమానిని "నడపడం తెలియదు" అని నోరు మూయించరాదని చెప్పేందుకు ఆ కేసులు పనికివస్తాయి. తప్పు కాలిదో కారుదో తేలేది స్కానరు పెట్టి చూస్తేనే. క్లచ్ ఎన్నిసార్లు, ఎంత వేడెక్కిందో బండి కంప్యూటరు చాలావరకు గుర్తు పెట్టుకుంటుంది.

నోటి మాట చెల్లదు

ఇక్కడే మన వారు నష్టపోతున్నారు. వర్క్‌షాపుకు పోయి "గేరు కొంచెం చూడప్పా" అని నోటితో చెప్పి వస్తారు. సర్వీసు కాగితంలో "జనరల్ చెకప్" అని రాస్తారు. మూడుసార్లు పోయినా, వారంటీ తీరిన మరునాడు చూపేందుకు చేతిలో ఒక్క కాగితం వుండదు. జాబ్‌కార్డులో "రెండో గేరులో వణుకు", "ఎక్కుడులో బండి కదలడం లేదు" అని తన మాటల్లోనే రాయించుకోవాలి. ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏ తేదీన అన్నది వుండాలి. వణుకును, మీటరు మీది హెచ్చరికను పక్క సీటులో వున్నవారు ఫోనులో తీసి వుంచితే మరీ మంచిది.

2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చిన కొత్త వినియోగదారుల చట్టం ప్రకారం, కారు ఎక్కడ కొన్నా సరే, కొన్నవారు తాము కాపురముండే చోటే కేసు వేయవచ్చు. బెంగుళూరులో కొన్న బండికి బెంగుళూరు కోర్టు చుట్టూ తిరగనక్కర లేదు. చెల్లించిన ధర 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్ చాలు. ఫీజు 10 లక్షల లోపు బండికి 200 రూపాయలు, 20 లక్షల లోపయితే 400. వకీలు తప్పనిసరి కాదు. గడువు మాత్రం రెండేళ్లు. మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే అయిదు నెలల్లో తీర్పు రావాలని చట్టం అంటున్నది. వాయిదాల సంగతి తెలిసినవారు ఆ మాటకు నవ్వుతారు, అది వేరే విషయం. కేసు దాకా పోకముందే 1915 నంబరుకు ఫోను చేస్తే కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైను కంపెనీతో మాట్లాడుతుంది.

ఒక సంగతి గుర్తుంచుకోవాలి. గేరుబాక్సు చెడిపోయిందని కొత్త కారే యివ్వాలంటే కోర్టులు సులభంగా ఒప్పుకోవు. 2006లో ఒక మారుతి కారు కేసులో, భాగం మార్చితే సరిపోయే చోట బండినే మార్చనక్కర లేదని సుప్రీంకోర్టు చెప్పింది. తయారీ లోపమని రుజువు చేయాలంటే నిపుణుని నివేదిక కావాలి. జిల్లాలో అటువంటి నివేదిక ఎవరిస్తారన్నది పెద్ద ప్రశ్నే. అడిగితే పరీక్షకు పంపే అధికారం కమిషన్‌కు వుంది. ఆ మాట పిటిషనులోనే రాయాలి.

మరొక దారి 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. మోటారు వాహనాల చట్టంలో 110ఏ అనే సెక్షను చేర్చారు. మనుషుల ప్రాణానికి ప్రమాదం తెచ్చే లోపమున్నదని నిర్ణీత సంఖ్యలో యజమానులు ఫిర్యాదు చేస్తే, ఏడేళ్ల లోపు బండ్లను వెనక్కు పిలవాలని ప్రభుత్వమే కంపెనీని ఆదేశించవచ్చు. ఒట్టి వణుకుకు యిది వర్తిస్తుందని చెప్పలేము. నడిరోడ్డు మీద బండి లాగడం మానేయడం అలా కాదు. అయితే ఒక్కరు చేస్తే సరిపోదు. ఎవరికి వారు గొణుక్కొని ఊరుకుంటే లెక్కకు రారు.

మెకానిక్కుల మాట

అనంతపురం, ధర్మవరం, హిందూపురం మెకానిక్కులు గేరు పళ్లు చేతితో తడిమి రోగం చెప్పగలవారు. జీపు గేరుబాక్సును మధ్యాహ్నానికి దించి సాయంత్రానికి ఎక్కించినవారు. డిసిటి అంటే మాత్రం "అన్నా, యిది మనతో అయ్యే పని కాదు, కంపెనీకి తీసుకపో" అంటారు. క్లచ్ మార్చినా కంప్యూటరుకు దాని కొలత నేర్పాలి. అందుకు స్కానరు, సాఫ్ట్‌వేరు కావాలి. అవి కంపెనీ చేతిలో వున్నాయి. తెలియక విప్పితే వారంటీ పోతుందన్న భయం ఒకటి. సెకండ్‌హ్యాండు బండి కొనేవారు సలహా అడిగేది మాత్రం యీ మెకానిక్కులనే. వారు ఇంజను శబ్దం విని, టైర్లు చూసి సరేనంటారు. గేరుబాక్సు ఎలా వున్నదో చెప్పే సాధనం వారి దగ్గర లేదు.

ఫ్యాక్టరీ వచ్చి యిన్నేళ్లయ్యాక, చుట్టుపక్కల ఐటిఐలలో యీ కొత్త గేరుబాక్సులను విప్పి చూపే పాఠమైనా వుండాలని కోరడం అత్యాశ కాదు. కార్లు చేసే జిల్లాలో కార్లు బాగుచేసేవారు కరువు కావడం విడ్డూరమే. అంతవరకు వాడిన డిసిటి గాని ఐవిటి గాని కొనేవారు బేరం కుదరక ముందే కంపెనీ వర్క్‌షాపులో స్కానరు పెట్టించాలి. పాత జాబ్‌కార్డులన్నీ అడిగి తీసుకోవాలి. వాటిలో గేరు గురించి ఒకే మాట రెండుసార్లు కనిపిస్తే, అమ్మేవారిని కూర్చోబెట్టి అడగాలి. బండిని చల్లగా వున్నప్పుడు కాదు, ఒక గంట నడిపి వేడెక్కాక, పెనుకొండ కొండ దారి లాంటి ఎక్కుడులో ఆపి మళ్లీ కదిలించి చూడాలి.